బిడ్డ పక్షాన వకాల్తా

న్యాయస్థానంలో ప్లీడరు ఒకరి తరఫున మాట్లాడవలెనంటే ముందుగా ఆ కక్షిదారు వకాల్తానామా మీద చేవ్రాలు చేయవలె. ఆ కాగితం దాఖలు కానిదే ఎంతటి వాగ్ధాటి గల ప్లీడరైనా ఆ కేసులో నోరు విప్పడానికి వీలులేదు. పోటీ క్రీడలలో పాల్గొనే పిల్లల తల్లిదండ్రులను చూసినప్పుడు, ఇటువంటి నియమం వారికి కూడా ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. బిడ్డ పక్షాన మాట్లాడటం తల్లిదండ్రులకు హక్కూ, బాధ్యతా కూడా. అయితే బిడ్డ పేరు చెప్పి తమ కోరికను వాదించుకొనేవారు వకాల్తా వదలి పెత్తనం పుచ్చుకొన్నవారవుతారు. ఈ రెండింటికీ నడుమ సరిహద్దు ఎక్కడ ఉన్నదో కొంత విచారిద్దాం.

మా చిన్నతనంలో ఈ సమస్య ఇంతగా లేదు. సాయంత్రం డ్రిల్లు మాస్టారు ఈల వేస్తే పరుగెత్తేవాళ్ళం. ఎవరు ఆడవలెనో, ఎవరు గట్టున కూర్చోవలెనో ఆయన చెప్పేవారు. ఇంట్లో అడిగే నాథుడు లేడు. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేత అయినాడు. 2008లో గచ్చిబౌలిలో ఆయన అకాడమీ ఆరంభమైనది. 2012లో లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016లో రియోలో సింధు రజతం, 2021లో టోక్యోలో ఆమెదే మరొక కాంస్యం. వీటితో తెలుగు మధ్యతరగతి గృహాలలో ఒక కొత్త ఆశ మొలకెత్తినది. పదమూడేళ్ళ లోపువారికి, పదిహేనేళ్ళ లోపువారికి, పదిహేడేళ్ళ లోపువారికి వేరువేరుగా పోటీలు, వాటికి పాయింట్లు, ర్యాంకులు. రాకెట్టుకు, బూట్లకు, శిక్షణ రుసుముకు, రైలు చార్జీలకు తల్లిదండ్రులు తమ జీతంలోనుండి డబ్బు తీస్తున్నారు. తెల్లవారకముందే లేచి పిల్లలను మైదానానికి చేరుస్తున్నారు. ఇంత చేసినవారికి ఒక్క మాట అడిగే అధికారం ఉండదా అంటే, తప్పక ఉంటుంది. కష్టపడిన కొద్దీ ఆ బిడ్డ ఆట తమ ఆటగానే తోచడం మొదలవుతుంది. చిక్కు అక్కడ పుడుతున్నది.

కాబట్టి ముందు చేవ్రాలు సంగతి. ఈ ఆట ఎవరిది? సింధు తండ్రి రమణ 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టులోని ఆటగాడు. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణియే. ఎత్తూ, దారుఢ్యమూ కలిగిన కుమార్తెను తమ ఆటలోకి దింపాలని వారికి అనిపించి ఉంటే అందులో ఆశ్చర్యపడవలసినది లేదు. కాని ఆ అమ్మాయి బాడ్మింటన్‌ను కోరుకొన్నది. వారు ఆ కోరిక వెంట నడిచారు. నడిచిన తరువాత సికింద్రాబాదునుండి గచ్చిబౌలికి ఆ ప్రతిదినపు ప్రయాణాలూ, నిద్ర చాలని ఉదయాలూ వారికి తప్పలేదు. కష్టం తల్లిదండ్రులదే అయినా కోరిక మాత్రం బిడ్డది.

మన ఇంట్లో ఆ కోరిక ఎవరిదో తెలుసుకొనడం ఎట్లా? పతకం గెలిచిన నాడు అడిగితే ఏ పిల్లవాడైనా ఆడతానంటాడు. ఓడిన నాడు అడిగితే మానేస్తానంటాడు. ఏ పోటీ లేని ఒక మామూలు రోజున, అన్నం తినేటప్పుడు, యథాలాపంగా అడగవలె. మాస్టారు సెలవు పెట్టిన రోజున కూడా వీధిలో బంతి తీసుకొని ఆడుతున్నాడా, తన సంచి తానే సర్దుకొంటున్నాడా, గమనించవలె. "మా నాన్నగారికి నేను ఆడటం చాలా ఇష్టం" అని బిడ్డ ఎవరితోనైనా అంటే ఆ మాట గర్వించదగినది కాదు. వకాల్తానామా మీద చేవ్రాలు ఫోర్జరీ అయిందనడానికి అదే సాక్ష్యం.

బిడ్డ కోరిక నిజమైనదే అనుకొందాం. అప్పుడు ఏ విషయం అడగవచ్చు, ఏది అడగరాదు? జట్టులో ఎవరు ఆడవలె, ఏ స్థానంలో ఆడవలె, సింగిల్సా డబుల్సా, ఈ వారం పరుగులు ఎక్కువ పెట్టడమా, సర్వీసు నేర్పడమా - ఇవన్నీ శిక్షకుడి పరిధి. ఆయన కళ్ళ ముందు నలభై మంది ఉన్నారు. మన కళ్ళ ముందు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కణ్ణి చూసే చూపులో ప్రేమ ఎంత ఉంటుందో పక్షపాతం కూడా అంతే ఉంటుంది. ఇక బిడ్డ ఆరోగ్యం, నిద్ర, చదువు, ఇంటి డబ్బు, అన్నింటికంటె మించి బిడ్డ గౌరవమూ, క్షేమమూ మన పరిధి. వీటిని గురించి మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తగవులన్నీ చాలవరకు వచ్చేది మన పరిధిలో మౌనం వహించి, శిక్షకుడి పరిధిలో గొంతు పెంచడం వల్లనే. మోకాలు నొప్పి అని పిల్లవాడు పది రోజులనుండి చెబుతున్నా "అదే తగ్గుతుందిలే" అన్న తండ్రే, ఫైనల్లో ఆడించలేదని మాస్టారి ఇంటికి పోవడం లోకంలో లేని విషయం కాదు.

అడిగే తీరును గురించి ఒక సంఘటన చెప్పుకోవచ్చు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ సంగతి చాలామందికి తెలిసినదే. తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. ఆడపిల్లలు బాక్సింగు గోదాలోకి దిగడం అరుదైన ఊళ్ళో, నలుగురూ నాలుగు మాటలన్నా కుమార్తెకు తోడుగా నిలిచినవాడు. 2019లో టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపవలెనన్న ప్రశ్న వచ్చింది. అదే 51 కిలోల తరగతిలో ఆరుమార్లు ప్రపంచ విజేత మేరీ కోమ్ ఉన్నది. ఎంపిక పోటీ పెట్టకుండా ఆమెనే పంపాలన్న ఆలోచన సాగుతుండగా నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా ఒక లేఖ వ్రాసింది. ఆమె కోరినది ఒలింపిక్ స్థానం కాదు. న్యాయంగా తలపడే ఒక్క అవకాశం. ఆ డిసెంబరులో పోటీ జరిగింది. నిఖత్ ఓడిపోయింది, ఘోరంగానే ఓడిపోయింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మరొకసారి అయింది.

ఈ వృత్తాంతంలో రెండు విషయాలు గమనింపదగినవి. లేఖ వ్రాసినది తండ్రి కాదు; అప్పటికి ఇరవైమూడేళ్ళు వచ్చిన ఆ యువతి తన వకాల్తా తానే పట్టింది. ఇక రెండవది, ఆ లేఖ ఫలితాన్ని అడగలేదు, పరీక్షను అడిగింది. పరీక్షను అడిగినవారికి ఓడిపోయే ధైర్యం కూడా ఉండవలె. మన పిల్లల విషయంలో మనం అడిగేదానిని ఈ గీటురాయి మీద పెట్టి చూసుకొంటే సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. మిగిలిన సగానికి ఎక్కడలేని బలం వస్తుంది.

మాట కూర్పులో కూడా ఈ భేదం కనిపిస్తుంది. "మాస్టారూ, మా వాణ్ణి జట్టులోకి ఎందుకు తీసుకోలేదు?" అని అడిగితే ఆయన తన నిర్ణయాన్ని సమర్థించుకోవలసి వస్తుంది. సమర్థించుకొనే మనిషి మనకు నిజం చెప్పడు. "మాస్టారూ, వచ్చే సెలక్షన్ల నాటికి మా వాడు ఏ విషయంలో బాగుపడవలె? ఇంటి దగ్గర మేము చేయగలిగినది ఏదైనా ఉన్నదా?" అని అడిగి చూడండి. ఎంత ముభావంగా ఉండే మాస్టారైనా రెండు మాటలు చెబుతారు. ఆ రెండు మాటలూ విని, నెల రోజులు వాటి మీద పనిచేసి, మళ్ళీ వెళ్ళి అడగవచ్చు. అప్పుడు ఆ ప్రశ్నకు విలువ ఉంటుంది. "ఫలానావారి అబ్బాయి కంటె మా వాడు ఎందులో తక్కువ?" అన్న మాట మాత్రం ఎన్నడూ రాకూడదు. ఆ ఫలానా అబ్బాయి రేపు మనవాడి పక్కనే నిలబడి ఆడవలసినవాడు. పెద్దలన్న మాటలు పిల్లల చెవిని పడకుండా ఉండటం అసంభవం.

ఎప్పుడు అడగవలె అన్నది కూడా ముఖ్యమే. ఆట ముగిసిన క్షణంలో వద్దు. అప్పుడు శిక్షకుడి మనస్సూ, మన మనస్సూ రెండూ కాగుతూ ఉంటాయి. ఒక రాత్రి గడవనిచ్చి, మరునాడు సాధన పూర్తయినాక, పిల్లలందరూ వెళ్ళిన పిమ్మట, "పది నిమిషాలు మాట్లాడవచ్చునా?" అని ముందుగా అడిగి వెళ్ళవలె. ఒక్క విషయం మాత్రమే ఎత్తవలె. నలుగురు తల్లిదండ్రులు కూడబలుక్కొని గుంపుగా వెళ్ళడం వల్ల, నాకు తెలిసినంతవరకు, ఏ పిల్లవాడికీ మేలు జరగలేదు. మేము క్రీడాకార్యక్రమాల ధ్వనిముద్రణకు వెళ్ళినప్పుడు మైకులో ఆట శబ్దం కంటె గట్టుమీది తండ్రుల కేకలే స్పష్టంగా పడుతుంటాయి. "కొట్టరా! ముందుకు రారా!" అన్న ఆ కేకలను తరువాత గదిలో కూర్చుని వింటే, ఆటగాడికి ఒకేసారి ముగ్గురు శిక్షకులు ఉన్నట్టు తోస్తుంది.

బిడ్డ వయస్సును బట్టి మన నోరు క్రమంగా తగ్గవలె. ఎనిమిదేళ్ళ బిడ్డ తరఫున మనమే మాట్లాడక తప్పదు. పదకొండు, పన్నెండేళ్ళవాడైతే పక్కన నిలబెట్టుకొని, వాడు వినేటట్టుగా మాట్లాడవలె. మనం ఏమి అడగబోతున్నామో ముందుగా వాడికి చెప్పి, సరేనన్న తరువాతనే కదలవలె. పద్నాలుగు దాటినవాడిని తానే అడగమని పంపడం మంచిది. ఏ మాట ఎట్లా అనవలెనో ఇంటి దగ్గర ఒకసారి అనిపించి చూసి, మనం దూరంగా నిలబడితే చాలు. మొదటిసారి తడబడతాడు. తడబడనివ్వండి. "మాస్టారూ, నా బాక్‌హ్యాండు ఎందువల్ల కుదరడం లేదు?" అని తన నోటితో తాను అడగగలిగిన పిల్లవాడికి రేపు ఉద్యోగంలో పైఅధికారిని అడగడం కూడా చేతనవుతుంది.

తల్లిదండ్రులు తెలుసుకోదగిన ఒక శాస్త్ర విషయం ఇక్కడ చెప్పవలె. కెనడా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులూ 1985లో ఐస్ హాకీ ఆటగాళ్ళ జన్మదినాలను పరిశీలించి ప్రకటించినది ఏమంటే, ఎంపికైనవారిలో సంవత్సరపు మొదటి నెలలలో పుట్టినవారు చాలా ఎక్కువగానూ, చివరి నెలలలో పుట్టినవారు చాలా తక్కువగానూ ఉన్నారు. అక్కడ వయోవర్గాలకు జనవరి 1 హద్దు. జనవరిలో పుట్టిన పిల్లవాడూ, డిసెంబరులో పుట్టిన పిల్లవాడూ ఒకే తరగతిలో ఆడతారు. పదేళ్ళ వయస్సులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులోనూ బలంలోనూ సామాన్యమైనది కాదు. పెద్దవాణ్ణి చూసి ప్రతిభ అనుకొంటారు. వాడికే మంచి శిక్షణ, ఎక్కువ ఆటలు దొరుకుతాయి. తరువాత నిజంగానే వాడు మెరుగవుతాడు. జనవరి 1 హద్దుగా గల ఏ ఆటలోనైనా మన బిడ్డ నవంబరులోనో డిసెంబరులోనో పుట్టినదైతే ఈ మాట శిక్షకుడి చెవిని వేయడంలో తప్పులేదు. "ఏడాది చివర పుట్టినది, ఇంకా ఎదగవలసి ఉన్నది, కొంత ఓపిక పట్టండి" అనడం ఎవరి చోటునూ లాగుకోదు.

దీనికి విరుగుడుగా కొందరు మరొక మార్గం తొక్కుతారు. అది పుట్టిన తేదీని దిద్దించడం. పదహారేళ్ళవాణ్ణి పద్నాలుగేళ్ళవాడుగా నిలబెట్టి పతకాలు మోయించడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న జాడ్యం. దీనిని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2010లో ఒక నియమావళిని తెచ్చింది. పత్రాలు చాలనిచోట ఎముకల ఎదుగుదలను ఎక్స్‌రే తీసి చూస్తారు. ఎడమచేతి మణికట్టు ఎముకలు ఎంతవరకు కలిసినవో దానిని బట్టి వయస్సు అంచనా కడతారు. పట్టుబడితే శిక్ష అనుభవించేది బిడ్డే. పట్టుబడకపోయినా, తన పుట్టినరోజును గురించి అబద్ధం చెప్పడం తండ్రే నేర్పినాడన్న ఎరుక ఆ పిల్లవాడికి జీవితాంతం ఉంటుంది. బిడ్డ కోసమే చేశామంటారు వాళ్ళు. ఏ బిడ్డ అటువంటి వకాల్తానామా మీద చేవ్రాలు చేస్తుంది?

ఇక దేహం. ఇక్కడ మొగమాటం పనికిరాదు. ఎదిగే పిల్లల ఎముకల చివరలు మెత్తగా ఉంటాయి. ఒకే కదలికను రోజుల తరబడి వందలసార్లు చేయిస్తే అక్కడ వాపు, నొప్పి పుడతాయి. మోకాలిచిప్పకు కిందుగా నొప్పి, మడమ నొప్పి, బంతి విసిరే పిల్లలకు మోచేతి నొప్పి అట్లా వచ్చేవే. బిడ్డకు ఎన్నేళ్ళో వారానికి అన్ని గంటలకు మించి సాధన ఉండరాదనీ, వారంలో ఒక రోజైనా పూర్తి విశ్రాంతి ఉండవలెననీ క్రీడావైద్యులు ఒక లెక్క చెబుతున్నారు. పదేళ్ళ పిల్లకు వారానికి పది గంటలు. మన అకాడమీలలో ఉదయం రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు సామాన్యమైపోయినది. లెక్క మీరే వేసుకోవచ్చు. నొప్పి వారం దాటినా, కుంటడం కనిపించినా వైద్యుడికి చూపించి, ఆయన వ్రాసిన కాగితాన్ని శిక్షకుడి చేతికి ఇవ్వవలె. "రెండు వారాలు పరుగు వద్దన్నారు" అని చెప్పడం ప్రార్థన కాదు, సమాచారం. నొప్పిబిళ్ళ వేసి ఆడిద్దామని ఎవరన్నా ఒప్పుకోరాదు. బాక్సింగు, కుస్తీ వంటి ఆటలలో బరువు తగ్గడానికి పిల్లలను మంచినీళ్ళు మాన్పించే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. మన ఏప్రిల్, మే ఎండలలో అది ప్రాణాపాయం.

బిడ్డ గౌరవం విషయం అంతకంటె గట్టిది. కేకలు వేసే మాస్టారు వేరు, కొట్టే మాస్టారు వేరు, చేయి వేయరాని చోట చేయి వేసేవాడు వేరు. ఆటకు వెళ్ళనని బిడ్డ ఉన్నట్టుండి మొరాయించినా, ఒక మనిషి పేరు వినగానే ముఖం వాడినా ఊరుకోరాదు; చదివించి అడగకుండా, ఎదుట కూర్చుని వినవలె. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగినదని తెలిసినవారు పోలీసులకు చెప్పడం విధి, చెప్పకపోవడం నేరం. 1098 నంబరుకు బిడ్డే స్వయంగా ఫోను చేయవచ్చు. జట్టులో చోటు పోతుందనీ, అమ్మాయి పేరు బయటపడుతుందనీ, మాస్టారు పలుకుబడి గలవాడనీ ఇటువంటిచోట తల్లిదండ్రులు వెనుకాడుతుంటారు. పది నిమిషాల అనుమతి అడగడాలూ, ఒక రాత్రి ఆగడాలూ ఈ సందర్భానికి వర్తించవు.

ఇంతవరకు చెప్పినదంతా ఎక్కువ మాట్లాడే తల్లిదండ్రులను ఉద్దేశించి. పల్లెటూళ్ళలో ఇబ్బంది దీనికి తలకిందులు. స్కూల్ గేమ్స్ పోటీలు మండలంనుండి జిల్లాకు, జిల్లానుండి రాష్ట్రానికి మెట్లు మెట్లుగా సాగుతాయి. మండలం ఎంపిక ఏ రోజో తెలియక, తెలిసినా ఆధార్ కార్డూ జనన ధ్రువపత్రమూ చేతిలో లేక ఆగిపోయే పిల్లలు ఉంటారు. హైదరాబాదు శివార్లలోని హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగవ తరగతిలో పిల్లలను చేర్చుకొంటారు. ఎత్తు, బరువు, పరుగు, నిలుచున్న చోటినుండి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం - ఇవే అక్కడి పరీక్షలు. సిఫారసు కంటె కాళ్ళలో బలం ముఖ్యం. కూలి మానుకొని బడికి వెళ్ళి "సార్, సెలక్షన్లు ఎప్పుడు?" అని అడగడం తల్లికి బిడియంగా ఉండవచ్చు. ఆమె అడగవలె. ఒకసారి చెప్పకపోతే రెండవసారి అడగవలె. ఎంపికకు ఏవి కొలతలో, జాబితా ఎక్కడ అంటిస్తారో తెలుసుకొనడం పౌరుని హక్కు. అది చొరబాటు అనిపించుకోదు. చదువుకొన్న ఇరుగుపొరుగువారు ఆ తేదీ ఒక కాగితం మీద వ్రాసి ఆమెకు ఇస్తే అంతకు మించిన క్రీడాసేవ లేదు.

మరొక చోట మాత్రం పట్నమూ పల్లే ఒకటే. ఆట ముగిసి ఇంటికి వచ్చే దారి. స్కూటరు వెనుక కూర్చున్న పిల్లవాడికి దిగిపోవడానికి వీలుండదు. ఆ అరగంటలో తండ్రి ఓటమిని విడమరిచి చెప్పడం మొదలుపెడితే వాడు వినక తప్పదు. ఓడిన సంగతి వాడికి తెలుసు. ఆకలి వేస్తున్నదా అని అడిగి, దారిలో ఇడ్లీ తినిపించి ఊరుకోవచ్చు. చెప్పవలెననిపిస్తే వాడే చెబుతాడు, రాత్రి పడుకొనేముందో, రెండు రోజుల తరువాతనో.

ఒకనాడు బిడ్డ "నేను ఇక ఆడను" అనవచ్చు. అలసటవల్ల అన్న మాటా, ఆలోచించి అన్న మాటా అని తేల్చుకొనడానికి ఒక గడువు పెట్టుకోవచ్చు. ఈ సీజను పూర్తిచేద్దాం, తరువాత చూద్దాం అనవచ్చు. గడువు తీరినాక కూడా అదే మాట అంటే, ఖర్చుపెట్టిన డబ్బు లెక్క ఎత్తకుండా, ఆ మాటను కూడా బిడ్డ తరఫున మాస్టారికి చేర్చవలసినది మనమే. ఫోనులో ముక్తసరిగా చెప్పి ఊరుకోకుండా బిడ్డను వెంటబెట్టుకొని వెళ్ళి, బాకీ ఉన్న రుసుము చెల్లించి, అకాడమీవారి రాకెట్టు ఉంటే తిరిగి ఇచ్చి, ఇన్నాళ్ళూ నేర్పినందుకు బిడ్డ చేత నమస్కారం చేయించి రావలె.